కావ్యావతారికలలో దైవసాక్షాత్కారము : ప్రామాణ్యవిచారము

తెలుగున 'ప్రత్యక్ష'మను మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. దార్శనికుల ప్రత్యక్షము ఇంద్రియమునకును విషయమునకును కలిగిన సన్నికర్షమువలన పుట్టు జ్ఞానము. కథలలోను, కీర్తనలలోను, ఇంట నాడుకొను మాటలలోను ప్రత్యక్షమనగా దైవము భక్తుని యెదుట నిలుచుట. తపస్సునకు మెచ్చి శివుడు ప్రత్యక్షమయ్యెనని పిల్లలు గూడ ననుదురు. మొదటి ప్రత్యక్షమును చార్వాకుడు సైతము కాదనడు. రెండవది చార్వాకునికే కాదు, వేదప్రామాణ్యమును ప్రాణముగా నెంచు మీమాంసకునికిని సమ్మతము కాదు. ఒకే మాట ఈ రెంటికిని చెల్లుటచే మన సాహిత్యచరిత్రలో నొక చిక్కు ఏర్పడినది. ఆ చిక్కునే ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఈ పరిశీలనకు మమ్ము పురికొల్పిన సంగతి చిన్నది. కొన్నియేండ్ల క్రిందట పోతనపై సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న విద్యార్థి యొకడు, పోతనకు శ్రీరాముడు సాక్షాత్కరించెనని యొక వాక్యము వ్రాసి, దానికి భాగవతావతారికను ఆకరముగా చూపెను. మేమా వాక్యమును 'సాక్షాత్కరించినట్లు పోతన చెప్పుకొనెను' అని దిద్దితిమి. అతడు వినయముగనే, "తిక్కన మనుమసిద్ధిని ఆశ్రయించెననుటకును తిక్కన మాటయే గదా ఆధారము? అచ్చట మీరు దిద్దలేదే!" యని యడిగెను. మనుమసిద్ధికి శాసనములున్నవని మేము చెప్పితిమి. అది యుత్తరమే కాని చాలిన యుత్తరము కాదు. శాసనము లేని రాజును గూర్చి కవి చెప్పినను మనము నమ్ముచునే యున్నాము. రాజును చూచితినన్న కవిమాటను నమ్మి, దేవుని చూచితినన్న కవిమాటను పక్కకు నెట్టుటకు మనకు గల హేతువేమి?

ముందుగా సామగ్రిని చూతము. పదునొకండవ శతాబ్దిలో నన్నయ భారతావతారికయందు దైవసాక్షాత్కారము లేదు. రాజరాజనరేంద్రుడు కోరెను, నన్నయ పూనుకొనెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వాదియందు తొలుత తన సంకల్పమును తెలిపి, పిమ్మట స్వప్నమును వర్ణించెను. ఆ స్వప్నమున దివంగతుడైన తండ్రి కొమ్మనామాత్యుడు కనబడి హరిహరనాథుని యనుగ్రహమును తెలిపెను. తరువాత హరిహరనాథుడే సన్నిధిచేసి కృతిపతిత్వమును స్వీకరించెను. నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కంకితమిచ్చిన కవియే, ఇచ్చట నరుని విడిచి దైవమును కృతిపతిగా వరించినాడు. ఆ మార్పునకు స్వప్నము తోరణమువలె నిలిచినది.

పదునైదవ శతాబ్దిలో పోతన చెప్పినది కల కాదు. చంద్రగ్రహణమునాటి పున్నమరాత్రి ఆయన గంగ కేగి, స్నానమాడి, ఇసుకతిన్నెపై మహేశ్వరధ్యానము చేయుచు, కన్నులు కొంచెముగా విచ్చియున్న సమయమున శ్రీరామభద్రుడు కనబడి, తన పేర భాగవతమును తెనిగింపుమని యాజ్ఞాపించి, భవబంధములు తెగునని చెప్పి అంతర్ధానము నొందెను. పదునాఱవ శతాబ్దిలో కృష్ణదేవరాయలు చెప్పినది మరల కలయే. కళింగయాత్రలో విజయవాడయందు కొన్నాళ్లు నిలిచి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున కేగి, హరివాసరమున నుపవసించి, ఆ రాత్రి నాలవ జామున ఆంధ్రమహావిష్ణువును స్వప్నమున దర్శించెను. దేవుడు రాయల సంస్కృతకృతులను పేరుపేరున నెన్ని, తెనుగున గోదాదేవి వివాహకథను చెప్పుమనెను. తాను తెలుగురాయడనని చెప్పుకొని, రాయలను కన్నడరాయా యని పిలిచెను. తెల్లవాఱినపిదప రాయలు కొలువుదీర్చి పండితులకు స్వప్నవృత్తాంతమును వినిపింపగా వారు దానికి శుభార్థమును చెప్పిరి.

ఇక తాళ్లపాక అన్నమాచార్యుల విషయము. ఇచ్చట సాక్ష్యము కావ్యావతారిక కాదు, రాగిరేకు. తిరుమలలోని సంకీర్తన భాండారమున దొరకిన రేకులలో, శాలివాహనశకము 1346 క్రోధి సంవత్సరమున, అనగా క్రీ.శ. 1424-25లో, అన్నమాచార్యుల పదునాఱవయేట తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైనట్లు చెక్కబడియున్నది. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రయం దింకొక సంఘటన గలదు. పాదరక్షలతో కొండ నెక్కుచు అలసి, ఆకలిగొని పడియున్న బాలునికి అలమేలుమంగ కనబడి, చెప్పులు విడువుమని చెప్పి, ప్రసాదము పెట్టెనని ఆ కథ.

ఇట్లు మనకు మూడు జాతుల అనుభవములు కనబడుచున్నవి: నిద్రలోని స్వప్నము, నిద్రకును మెలకువకును నడుమ అరవిచ్చిన కనుల దర్శనము, పూర్తి మెలకువలోని ప్రత్యక్షము. కవులు వీనిని కలగాపులగము చేయలేదు. తిక్కనయు రాయలును కలను కలయనియే చెప్పిరి. పోతన తన కనుల స్థితిని వైద్యునికి చెప్పినంత జాగ్రత్తగా చెప్పెను. రాముడు మఱుగైన పిమ్మట కన్నులు పూర్తిగా విచ్చి వెఱగుపడితినని గూడ వ్రాసెను. ఈ జాగ్రత్తను మన సాహిత్యచరిత్రకారులు తగినంతగా గమనింపలేదని మా తలంపు.

ఇట్టి యనుభవములపై మన దేశమున జరిగిన విచారణ మిక్కిలి ప్రాచీనము, మిక్కిలి తీవ్రము. చాలమంది ఈ యాక్షేపణలు పాశ్చాత్యుల హేతువాదముతో వచ్చినవని భావింతురు. నిజమునకు వానిలో బలమైనవి ఏడవశతాబ్దికే కుమారిలభట్టు శ్లోకవార్తికమున చేరినవి. కుమారిలుడు నాస్తికుడు కాడు. బుద్ధుడో జినుడో సమాధిలో చూచి చెప్పిన ధర్మము ప్రమాణమైనచో వేదమునకు పనియుండదు. కావున పురుషుని అనుభవమునకు ధర్మవిషయమున ప్రామాణ్యము లేదని స్థాపించుట ఆయనకు జీవన్మరణసమస్య. ప్రత్యక్షము వర్తమానమును, ఇంద్రియసంబంధమును పొందిన వస్తువునే గ్రహించును. ధర్మము మున్ముందు కావలసినది. యోగిప్రత్యక్షము ప్రత్యక్షమే యైనచో ఈ నియమమును దాటజాలదు, దాటినచో అది ప్రత్యక్షము గాదు. ఇంద్రియమునకు సాధనచే పాటవము పెరిగినను తన విషయములోనే పెరుగును. ఎంత సాధించినను చెవి రూపమును చూడదు. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరపండితుడు జయంతభట్టు న్యాయమంజరిలో, చీకటిలో చూచు పిల్లిని, నూఱుయోజనముల దూరమున సీతను చూచిన సంపాతిని ఉదాహరించి యోగిదృష్టిని సమర్థించెను. ముచ్చటైన సమర్థనమే. కాని సంపాతి చూచినదియు రూపమునే గదా! కుమారిలుని వాదము దానిచే చలింపలేదు.

మఱియొక వాదము ప్రతిభను గూర్చినది. రేపు మా అన్న వచ్చునని నా హృదయము చెప్పుచున్నదని యొక కన్యక పలుకును. అది యొకప్పుడు నిజమగును. ప్రశస్తపాదుడు ఋషుల జ్ఞానమును చెప్పుచు ఈ లౌకికదృష్టాంతమును తెచ్చెను. కుమారిలుడు ఆ దృష్టాంతమునే తిరుగవేసెను. లోకములో ఇట్టి ప్రతిభ నిశ్చయమునకు చాలదు. యోగుల ప్రతిభయు నట్లే యనెను. ఒకసారి నిజమైనంతమాత్రాన ప్రమాణము కాదు. నిజము కానివేళలను ఎవ్వరు లెక్కపెట్టిరి?

కుమారిలునివని శాంతరక్షితుని తత్త్వసంగ్రహమున నుదాహృతములైన వాదములు ఇంకను పదునైనవి. బుద్ధుడు సర్వజ్ఞుడైనచో కపిలుడు కాడనుటకు ప్రమాణమేమి? ఇద్దఱును సర్వజ్ఞులైనచో వారికి మతభేదమేల? ఆకాశమునకు పదిమూరలు ఎగురగలవాడు నూఱేండ్లు సాధించినను యోజనము ఎగురలేడు గదా! ఎగురుటకు ప్రతిసారియు క్రొత్త ప్రయత్నము కావలెను, చిత్తగుణము లట్లుగాక అభ్యాసముచే స్వభావమైపోవునని బౌద్ధులు ప్రత్యుత్తరమిచ్చిరి. ఉత్తరము చక్కనిది. అయినను మతభేదమును గూర్చిన ప్రశ్నకు అది తగులదు. మతములన్నియు తమతమ ద్రష్టల యనుభవమునే సాక్ష్యముగా తెచ్చునపుడు ఆ సాక్ష్యములు ఒకదానినొకటి ఖండించుకొనునన్న ఆక్షేపణ నేటికిని తొలగినట్లు మాకు తోపదు.

అన్నింటికంటె మనకు ముఖ్యమైనది భావనావాదము. విచిత్రమేమనగా దీనిని నిష్కర్షగా చెప్పినవాడు యోగిజ్ఞానమును ప్రత్యక్షభేదముగా నంగీకరించిన బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి. కామముచేతనో, శోకముచేతనో, భయముచేతనో వివశులైనవారును, దొంగల కలగన్నవారును లేనివస్తువులను ఎదుట నున్నట్లు స్పష్టముగా చూతురు. స్పష్టత సత్యతకు గుఱుతు కాదు. ఎడతెగని భావనకు ఫలము. కావున యోగి చూచినది స్పష్టముగా నున్నదని కాదు, ఇతర ప్రమాణములతో పొందియున్నదా యని చూడవలెనని ఆయన నియమము. వాల్మీకిరామాయణమున మారీచుడు రావణునితో, తనకు చెట్టుచెట్టునను ధనుర్ధారియైన రాముడే కనబడుచున్నాడని మొఱపెట్టుకొనును. మారీచుడు భక్తుడు కాడు, భీతుడు. ఆ కన్నులకు కనబడిన రామునికిని ఇసుకతిన్నెమీద కనబడిన రామునికిని భేదమేమని ధర్మకీర్తి ప్రశ్నించును.

భగవద్రామానుజులును శ్రీభాష్యమున, శాస్త్రయోనిత్వాధికరణమునందు, ఈ వాదమునే కైకొనిరి. భావనాప్రకర్షముచే పుట్టు యోగిప్రత్యక్షము ఎంత విశదమైనను పూర్వానుభూతవిషయమును గూర్చిన స్మృతియే గాని వేఱు ప్రమాణము కాదు. బ్రహ్మము శాస్త్రమువలననే తెలియవలెనని వారి నిర్ణయము. భక్తి చివరకు దర్శనసమానాకారమును పొందునని చెప్పిన ఆచార్యులే ఇట్లు చెప్పుట గమనింపదగినది. దర్శనమువంటిది కావచ్చును, దానిచే క్రొత్తవిషయము తెలియదు. ఇరువదవ శతాబ్దిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రభృతులు అనుభవమునే మతమునకు మూలాధారముగా నెంచిరి. ఆయన 1929 నాటి హిబ్బర్టు ఉపన్యాసములు చదువువారికి మన దర్శనములన్నియు అనుభవమునే తుదిప్రమాణముగా గొన్నవన్న భావము కలుగును. అది మన దర్శనచరిత్రలో సగముమాత్రమే. మిగిలిన సగమున కుమారిలుడును, రామానుజులును, వేఱువేఱు కారణములచే అడ్డుగా నిలిచియున్నారు.

పాశ్చాత్యులలో ఈ విషయమునకు మూలగ్రంథము విలియం జేమ్స్ ఎడింబరోలో నిచ్చిన ఉపన్యాసములు, 1902లో గ్రంథమైనవి. ఆయన మార్మికానుభవమునకు నాలుగు లక్షణములు చెప్పెను: మాటలకందమి, ఏదియో తెలిసినదన్న ప్రతీతి, క్షణికత, తన ప్రయత్నము లేక ఏదియో తన్ను పట్టుకొన్నట్లుండుట. అట్టి అనుభవము పొందినవానికి ప్రమాణము, ఇతరులను బంధింపదని ఆయన తీర్పు. మన కవుల దర్శనములను ఈ కొలతబద్దతో కొలచిన మొదటి లక్షణముననే తేడా వచ్చును. అవి మాటలకందనివి కావు, మాటలతో నిండినవి. ఆంధ్రమహావిష్ణువు గ్రంథపట్టిక చదివినంత వివరముగా మాటలాడెను! 1978లో స్టీవెన్ కాట్జ్, సంప్రదాయసంస్కారము సోకని శుద్ధానుభవము లేదని వాదించెను. భావనావాదము నెఱిగిన మన పాఠకునికి అది పాతచుట్టము.

ఇప్పుడు అవతారికలకు మరలుదము. తిక్కన కల భావనావాదమునకు సులభముగా లొంగును. ప్రశస్తపాదుడు కలలకు మూడు కారణములు చెప్పెను: సంస్కారపాటవము, ధాతుదోషము, అదృష్టము. దేనిని గట్టిగా తలపోయుచు నిద్రించునో దానినే చూచుట మొదటిది. తిక్కన తన సంకల్పమును ముందే చెప్పి, పిమ్మట కలను చెప్పినాడు. తన వాదమునకు ప్రతికూలమైన ఆధారమును తానే మనచేతి కందించినాడు. కల్పించువాడు ఇట్లు చేయడని మే మనలేము గాని, దాచువాడు ఇట్లు చేయడు. చరకుడు ఇంద్రియస్థానమున ఏడు తెగల కలలను చెప్పి, చూచినవి, విన్నవి, అనుభవించినవి, కోరినవి, కల్పించుకొన్నవి యైన అయిదు తెగలును నిష్ఫలములనెను. ఆ లెక్కన తిక్కనది కోరిన కల.

రాయల కలకు రక్షాకవచములు హెచ్చు. ఉపవాసదినము, దివ్యక్షేత్రము, నాలవజాము. తొలిజాము కల అల్పఫలమని చరకుడే చెప్పియున్నాడు. తెల్లవాఱుజాము కల నిజమగునని నేటికిని మన యిండ్లలో నందురు. పైగా సభలో పండితులచే అర్థము చెప్పించుట యొకటి. ఉపవసించిన శరీరమున కలలు వచ్చునన్న ఆక్షేపణ యిచ్చట బలమైనది కాదు; ఉపవాసము కలను తెచ్చునేమో గాని కన్నడరాయా యన్న సంబోధనమును తేజాలదు. ఆ సంబోధనమును తెచ్చినది రాజ్యము. కర్ణాటసింహాసనమున గూర్చున్న రాజు, కళింగముపై దండెత్తుచు తెలుగునేలను దాటుచు, ఆ నేలకు పూర్వవల్లభుడైన దేవునినోట తెలుగున వ్రాయుటకు ఆజ్ఞను పొందుచున్నాడు. ఈ కలకు రాజకీయప్రయోజనము స్పష్టముగా కలదు. అంతమాత్రాన కల రాలేదనుట తర్కము కాదు. ప్రయోజనము కలిగినవానికిని కలలు వచ్చును. ప్రయోజనము కలిగినవానికే వచ్చునని గూడ సంస్కారపాటవవాది యనును. మేము చెప్పగలిగిన దింతమాత్రము: రాయలు కలను ఆధారముగా చూపినది తత్త్వనిర్ణయమునకు కాదు, కావ్యభాషానిర్ణయమునకు.

ఇచ్చటనే కుమారిలుని ఆక్షేపణ అవతారికలకు చాలవఱకు తగులదని తేలుచున్నది. ఆయన నిరాకరించినది ధర్మజ్ఞానమునకు మూలమైన అనుభవమును. యజ్ఞము చేసిన తిక్కనసోమయాజి తన కలవలన నే ధర్మమును తెలిసికొనలేదు. హరిహరాద్వైతమును కలనుండి స్థాపింపలేదు. దైవము చెప్పినది ఫలానా కృతి నాకిమ్మని. అది యాజ్ఞయో, కోరికయో, అనుమతియో కాని ప్రమేయజ్ఞానము కాదు. మీమాంసకుడగు విమర్శకుడు సైతము అవతారికను చదివి చిఱునవ్వు నవ్వి ఊరకుండవచ్చును. పోతన విషయమున మాత్రము అట్లూరకుండ వీలులేదు. రామభద్రుడు భవబంధములు తెగునని మాట యిచ్చెను. భాగవతమును తెనిగించుటకును మోక్షమునకును గల సంబంధము ఇంద్రియగోచరము కాదు. కుమారిలుని దృష్టిలో అది యచ్చముగా ఏ పురుషుని యనుభవమునకును అందని విషయము.

భావనావాదమును పోతనకు వర్తింపజేయుటయు అంత తేలిక కాదు. తిక్కన తలచినదే తిక్కనకు కనబడినది. పోతన ధ్యానించినది మహేశ్వరుని, కనబడినది రాముడు. భావనాప్రకర్షము ఫలించినచో శివుడు కనబడవలెను. పోతన హృదయమున రామభక్తి ముందునుండియే గూడుకట్టుకొనియుండెనని సమాధానము చెప్పవచ్చును, మేమును చాలకాలము అట్లే పాఠము చెప్పితిమి. కాని అట్లు చెప్పునపుడు మనము చేయుచున్న పనిని గమనింపవలెను. ధ్యానించినది కనబడినచో భావన యందుము. ధ్యానింపనిది కనబడినను లోపలి భావన యందుము. ఏ సంఘటనచేతను బాధింపబడని హేతువు హేతువు గాదు. ఈ విషయమున భావనావాదులు తొందరపడుచున్నారని ఇప్పుడు మేము తలచుచున్నాము.

ఇంకొక చిన్న ఆధారము భాషలో నున్నది. దర్శనము ముగిసిన పిదప పోతన తాను పలుకబోవునది భాగవతమనియు, పలికించువాడు రామభద్రుడనియు చెప్పు పద్యమున 'అట' యను శబ్దమును వాడెను. తెలుగున ఆ శబ్దము పరులవలన విన్నదానిని చెప్పునపుడు వాడుదుము. కన్నులార చూచినవాడు 'చూచితినట' యనడు. తన చెవులతో విన్న ఆజ్ఞను పోతన వినికిడిగా ఎందుకు చెప్పెను? ఇది విస్మయార్థకమని వ్యాఖ్యానింపవచ్చును, అందు తప్పులేదు. అయినను జాగ్రదనుభవమును పొందినవాడు, దాని ప్రామాణ్యమును ఇతరులపై రుద్దక, తన కది చెప్పబడినదని మాత్రము చెప్పుచున్నాడని అర్థము చేసికొన్నచో ఆ పద్యములోని వినయము మఱింత లోతుగా కనబడును. జేమ్స్ చెప్పిన తీర్పునకు పోతన వ్యాకరణము శతాబ్దుల ముందే లోబడియున్నది.

కవిసమయవాదమును గూర్చి యొక మాట. తిక్కన చూపిన త్రోవను తరువాతివారు నడిచిరి, కల చెప్పుట అవతారికలకు ఆచారమైపోయెను, కావున ఏ కలకును చారిత్రకత లేదని కొందఱి మతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున కవులనుగూర్చిన అద్భుతకథలను వడగట్టినపిమ్మట ఈ దృష్టి మనలో స్థిరపడినది. అది మేలే చేసినది. కాని అచ్చైన ఆచారమునకు పోలికలు హెచ్చుగా నుండవలెను. తిక్కన కలలో తండ్రి కలడు; రాయల కలలో గ్రంథపట్టిక కలదు; పోతనకు కలయే లేదు, గ్రహణమును ఇసుకతిన్నెయు కలవు. ఆచారము అనుమతి నిచ్చినది, వివరములను ఈయలేదు.

నాటి విద్యార్థి ప్రశ్నకు మేమిప్పు డిచ్చు నుత్తరము ఇట్టిది. రాజును చూచితినన్న మాటలో చూచిన వస్తువు ఇతరులకును అందుబాటులో నుండెను. మనకు శాసనము దొరకకపోయినను నాటివానికి రాజు దొరకెడివాడు, కవి మాట తప్పైనచో నవ్వుటకు సభ కలదు. దైవదర్శనమున సాక్షి యొక్కడే. ఆ సాక్షి సత్యవాది కావచ్చును; చరిత్రకారుడు ఆయన చూచితిననుటను మాత్రమే స్వీకరింపగలడు, చూడబడినదానిని స్వీకరింపలేడు, నిరాకరింపనుజాలడు. మా దిద్దుబాటు నిలుచును. కాని దానిలో మేమప్పుడు పెట్టిన వెటకారము నిలువదు. 'చెప్పుకొనెను' అని వ్రాసితిమి. 'చెప్పెను' అని వ్రాసిన చాలియుండెడిది.

అన్నమాచార్యుల రాగిరేకును మరల చూడుడు. దానియందు నిర్యాణమునకు దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశియని మాసము, పక్షము, తిథి చెప్పబడినవి. తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైన దినమునకు సంవత్సరమును, అన్నమాచార్యుల వయస్సును తప్ప మఱేమియు లేదు. మరణతిథి ఏటేట పుత్రపౌత్రులకు కావలెను, నలుగురు నెఱుగుదురు. దర్శనతిథిని ఎఱిగినవాడు ఒక్కడే. ఆయన దానిని చెప్పలేదో, చెక్కించినవారు అడుగలేదో.